తిన్నావా అని అడగని దయ్యం

దయ్యాన్ని టోకు ధరకు కొన్న మనిషి మా నెల్లూరు జిల్లా సముద్రపు గట్టున ఇంకొకడెవడైనా ఉంటే నా ఎదుటికి రమ్మనండి. అలా ఇలా కొనలేదు. చెప్పిన ధరలో మూడో వంతు కొట్టేసి, పెట్టెలు బస్టాండు దాకా మోయించే కూలి అమ్మినవాడి మీదే వేసి, పైగా కొసరు కూడా పుచ్చుకుని మరీ కొన్నాను. ఒక్క పని మాత్రం చేయలేదు. సరుకు చూడలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు సరుకు చూడటం నేర్పేవారు. మిరపకాయ అయితే తొడిమ విరిచి చూడాలి, బెల్లమైతే గోటితో గీరి నాలుక మీద వేసుకోవాలి, చింతపండు పిడికిట్లో నలిపి వాసన పట్టాలి. అలాంటి ఇంట్లో పుట్టినవాడు ఒక సినిమాను చూడకుండా తెచ్చాడంటే తెలివి తక్కువై అనుకునేరు. తెలివి ఎక్కువై. ఆ సినిమా అప్పటికే నెల్లూరులో ఆడుతోంది. చూడాలంటే టికెట్ కొనాలి. కొనబోయే సరుకు రుచి చూడటానికి డబ్బిచ్చినవాడు మా వంశంలో లేడు. (ఇప్పటికీ లేడు. మొన్న నెల్లూరులో ఒక పెద్ద కొట్లో ద్రాక్షపండు నోట్లో వేసుకుంటుంటే అక్కడి కుర్రాడు పైనున్న కెమెరా చూపించాడు. నేను దానికి నమస్కారం పెట్టి ఇంకో పండు తీసుకున్నాను.)

మాది అల్లూరుకు అవతల, వరి మళ్లు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఉన్న ఊరు. మా నాయనది కిరాణా కొట్టు. వారానికోసారి ఖాకీ సంచీ భుజానికి తగిలించుకుని నెల్లూరు బస్సెక్కి సరుకు కొనుక్కొచ్చేవాడు. ఆ సంచీ అంటే మా ఇంట్లో రాజదండం. నాయనకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక అది ఎవరి భుజానికి మారుతుందన్న ప్రశ్న పుట్టింది. నేను ఒక్కగానొక్క కొడుకుని, ఇరవై దాటినవాణ్ణి, బేరమాడటంలో మొనగాణ్ణని నా నమ్మకం. అటువైపు మా బావ. మా అక్క మొగుడు. పెళ్లయ్యాక మా ఊళ్లోనే స్థిరపడ్డాడు. మాట్లాడడు. మిరపకాయ వైపు చూస్తాడు, మిరపకాయే భయపడి నిజం చెబుతుంది.

"నీ బావ నోరు తెరవడు, నువ్వు మూయవు. మీ ఇద్దరిలో సరుకు ఎవరు చూస్తారో నాకు తెలియాల," అన్నాడు నాయన ఒకరోజు. "ఎండలు ముదిరేలోగా నీ అంతట నువ్వు ఏదో ఒక సరుకు కొని, లాభానికి అమ్మి చూపియ్యి. సంచీ నీది. లేదంటే మీ బావది."

"ఏ సరుకైనా?"

"ఏదైనా. నీ డబ్బుతో."

నేను చిట్టీ పాడాను. ఆ డబ్బుతో బెల్లం కొనేవాడు మామూలు మనిషి. నా చూపు మా ఊరి సినిమా హాలు మీద పడింది. రేకుల షెడ్డు, బెంచీలు, పైన అక్కడక్కడా చిల్లులు. దాని యజమానిని ఊరంతా హాలు మామ అనేవారు. ఎవరైనా సినిమా రీళ్ల పెట్టె తెచ్చుకుంటే మూడు రోజులకు హాలు అద్దెకిచ్చేవాడు. రొయ్యలు పట్టే రోజులు కాబట్టి జనం చేతిలో డబ్బుంది. ఏ సినిమా తేవాలన్నది కూడా నేను ఆలోచించనక్కర్లేదు. కొన్నేళ్ల కిందట ఒక దయ్యం సినిమా మా హాల్లో కనీవినీ ఎరగనట్టు ఆడింది. దానికి రెండో భాగం వచ్చింది. గిరాకీ తేలిపోయిన సరుకు. ఇంకేం కావాలి?

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. నాయన చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. కొట్టు వెనక వసారాలో చింతపండు గింజలు తీయించే పని ఆమెది. అయిదారుగురు ఆడవాళ్లు కూర్చుని గింజలు తీస్తుంటే అత్త వారపత్రికలోని సీరియల్ పైకి చదివేది. ఆ దయ్యం సినిమా అలాంటి ఒక సీరియల్ నుంచే పుట్టింది. కథ చిన్నది. సముద్రానికి దగ్గరగా ఒక పాత ఇల్లు. ఆ ఇంటి వంటమ్మ, పడవ మీద పోయిన కొడుకు వస్తాడని అన్నం మీద మూత పెట్టి కాచుకుని, కాచుకుని, అలాగే పోయింది. తర్వాత ఆ ఇంట్లో ఎవరు అద్దెకు దిగినా వాళ్లకు మనిషి కనపడదు, నీడ కనపడదు. మిట్ట మధ్యాహ్నం వంటింట్లోంచి గరిటె చప్పుడు. ఆపైన ఒక గొంతు. "అన్నం తిన్నావా, నాయనా?" అంతే. తిన్నానన్నవాడికి ఏమీ కాదు. తినలేదన్నవాడి సంగతి వచ్చే వారం.

ఆ సీరియల్ నడిచినన్నాళ్లూ మా వీధిలో ఎవరూ ఎవరినీ తిన్నావా అని పలకరించలేదు. మా అమ్మ కూడా "కంచం పెట్టేదా?" అని మాట మార్చుకుంది. ఒక వారం పత్రిక ఆలస్యమైతే అత్త ఆ వారం కథ తనే అల్లి చెప్పిందనీ, తర్వాత వచ్చిన అసలు భాగం దానికంటే చప్పగా ఉందనీ వసారాలో ఒక వాదం ఉండేది. చివరికి సినిమా వచ్చినప్పుడు వాళ్లంతా కట్టగట్టుకుని వెళ్లి, కళ్లు తుడుచుకుంటూ వచ్చారు. తీసినవాళ్లు బుద్ధిమంతులు. దయ్యాన్ని చూపించలేదు. గరిటె చప్పుడు, గొంతు, అంతే. చివర్లో మాత్రం ఒక మంత్రగాణ్ణి తెచ్చి వేపమండలతో కొట్టించారు. అది నవల్లో లేదు. "గొంతు సరిగ్గా దొరికింది కాబట్టి వదిలేసినా," అంది అత్త, తనే సెన్సారు ఆఫీసరైనట్టు.

నేను రెండో భాగం తెస్తున్నానని చెప్పినప్పుడు అత్త గింజ తీయడం ఆపింది.

"రాసినామె రెండోది రాసిందా?"

"లేదత్తా. సినిమావాళ్లే రాసుకున్నారంట."

"కథ అయిపోయింది గదరా అబ్బయా! కొడుకొచ్చినాడు, కూర్చున్నాడు, తిన్నాడు. ఇంక ఆయమ్మకి ఏం పని?"

"మొదటిది ఎంత ఆడిందో నువ్వు చూడలా?"

"మొదటి డికాషన్ బాగుందని అదే పొడిలో మళ్లీ నీళ్లు పోసి తాగతామా?"

"మనింట్లో తాగతాం గదత్తా."

అత్త మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. (నిజంగానే తాగేవాళ్లం. మూడో డికాషన్ కూడా ఉండేది, అది బావ కోసం.) బేరంలో ఎదుటివాడికి మాట దొరకకపోతే మనం గెలిచినట్టని అప్పట్లో నా లెక్క. చర్చి అక్క మాత్రం గొణిగింది. ఆమె వసారాలో అందరికంటే వేగంగా గింజలు తీసేది, ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది. "మేం దయ్యాల్ని నమ్మకూడదు తమ్ముడూ. అయినా ఆయమ్మ దయ్యం కాదు, తల్లి. ఆమెతో యాపారం చేసేదానికి పోతా ఉండావు, చూసుకో."

నెల్లూరులో సినిమా పెట్టెలు అద్దెకిచ్చే ఆయన ఒక మేడ మీద ఇరుకు గదిలో కూర్చునేవాడు. (ఆ వ్యాపారంలో అద్దెకు తీసుకోవడాన్నే కొనడం అంటారు. నేనూ అలాగే అంటాను, గొప్పగా ఉంటుంది.) ఆయన ఒక ధర చెప్పాడు. నేను సగం చెప్పాను. ఆయన నవ్వాడు. నేను లేచాను. మెట్ల దగ్గరికి వెళ్లి చెప్పు తెగినట్టు నటిస్తూ ఆగాను. పిలిచాడు. మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను. చివరికి నేను మనసులో అనుకున్న దానికంటే కిందికి దిగాడు. అంత తేలిగ్గా దిగాడంటే అక్కడే అనుమానించాలి. కుళ్లిన ఉల్లిపాయలవాడు కూడా అలాగే దిగుతాడు. కానీ గెలుపు ఊపులో ఉన్నవాడికి వాసన తెలియదు. "కొసరు?" అన్నాను.

"ఏంటీ?"

"కొసరు సార్. ఇంత కొన్నాం గదా."

"ఏ ఊరయ్యా నీది? సినిమాకి కొసరు అడిగినోణ్ణి నా సర్వీసులో చూళ్లా."

"కొసరు లేకుండా మావాళ్లు ఉప్పు కూడా కొనరు సార్."

ఆయన విసుగ్గా బల్ల కింద ఉన్న ఒక తుప్పు డబ్బాను కాలితో నా వైపు తోశాడు. మొదటి భాగం ప్రింటు పాడైపోతే మిగిలిన ఒకే ఒక్క రీలు అది. దాంతో ఏం చేసుకోవాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. కొసరు కదా, తీసుకున్నాను.

ఆదివారం మ్యాట్నీ. ఆటోకు మైకు కట్టి "మళ్లీ వచ్చింది! ఈసారి రెట్టింపు భయం!" అని అల్లూరు దాకా అరిపించాను. గుంటల కాడ పనివాళ్లు, పొలాలవాళ్లు వచ్చారు. చర్చి వదిలిపెట్టాక తెల్లచీరల్లో కుటుంబాలకు కుటుంబాలు నేరుగా వచ్చాయి. చింతపండు ఆడవాళ్లంతా ఒక బెంచీ వరస పట్టారు, మధ్యలో అత్త. నాయనకు పాసు ఇవ్వబోతే వద్దని, వరసలో నిలబడి టికెట్ కొన్నాడు. బావ కూడా కొన్నాడు, మాట్లాడకుండా. హాలు నిండింది. నా భుజం మీద ఖాకీ సంచీ బరువు అప్పుడే తెలుస్తున్నట్టు ఉంది.

సినిమా మొదలైంది. మొదలైన క్షణమే దయ్యం కనిపించింది. మొత్తం. తల నుంచి కాళ్ల దాకా. కొడవళ్లంత గోళ్లు, కళ్లల్లో మంటలు, నోట్లోంచి పొగ. పైన రేకు చిల్లులోంచి పడిన ఎండ గుండ్రంగా సరిగ్గా దాని నుదుటి మీద నిలబడి, ఎంత గర్జించినా పేరంటానికి బయల్దేరిన ముత్తైదువలా కనిపించింది. సరే, ఎండను సినిమావాళ్ల లెక్కలో వేయకూడదు. కానీ వాళ్ల లెక్కలోవే చాలా ఉన్నాయి. వంటమ్మకు కొత్తగా ఒక చెల్లెలు పుట్టుకొచ్చింది, అదీ దయ్యమే. ఇద్దరి మధ్యా ఆస్తి తగాదా. హీరో హీరోయిన్లు మంచు కొండల్లో ఒక పాట పాడి వచ్చారు. మొదటి భాగంలో ఒక్క గరిటె చప్పుడుకు మా ఊరు నెల రోజులు వంటింట్లోకి ఒంటరిగా వెళ్లలేదు. ఇందులో పదిమంది గొంతులు తెగినా ముందు బెంచీ పిల్లలు వేరుశనక్కాయలు పంచుకుంటున్నారు.

నేను గోడకు ఆనుకుని నిలబడి తెరను చూడలేదు, జనాన్ని చూశాను. మధ్య వరసలోంచి గుసగుసలు వినపడుతున్నాయి.

"మే, ఇంకా అడగలేదేందే?"

"అడుగుద్దిలే, ఇంటర్వెల్ అయినాక."

ఇంటర్వెల్ అయింది. సోడాలు అమ్ముడుపోయాయి. దయ్యం ఇంకో ఇద్దర్ని చంపింది. అడగలేదు.

"ఆయమ్మకి గరిటె యాడమ్మా?"

"గరిటె పీకేసి కత్తి ఇచ్చినారు, చూడలా?"

"వంటింటిదాకా పోనేలేదు గదే! ఆకలి తెలియని దయ్యం ఏం దయ్యం?"

చర్చి అక్క లేచి నిలబడింది. పాటలు ఎత్తుకునే గొంతు కాబట్టి హాలంతా వినపడింది. "తమ్ముడూ! ఆయమ్మ మమ్మల్ని ఒక్కసారన్నా తిన్నావా అని అడగలేదు. ఈమె ఆమె కాదు. ఎవురినో పట్టకొచ్చినావు. మా డబ్బులు మాకియ్యి!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు నలుమూలలా లేచారు. "అవును, మా డబ్బులు ఇయ్యాల!" "రెట్టింపు భయం అన్నావే, యాడ?" బెంచీలు కిర్రుమన్నాయి. హాలు మామ నా చొక్కా పట్టుకున్నాడు. "ఒరే, నా బెంచీలు ఇరిగితే నీ కొట్టు తలుపులు పీక్కుపోతా. ఏందో ఒకటి చెయ్యి." నేను నాయన వైపు చూశాను. ఆయన తెర వైపే చూస్తున్నాడు, పుచ్చు పట్టిన కందిపప్పును చూసినట్టు.

చేతిలో సరుకు లేనప్పుడు కొసరే సరుకు. ఆపరేటర్ గదిలోకి పరిగెత్తి తుప్పు డబ్బా తీశాను. "మధ్యలో ఇదెట్టా ఏసేదన్నా?" అని ఆపరేటర్ నెత్తి కొట్టుకున్నాడు. "రెండిట్లో ఇల్లు ఒకటే గదా, ఎయ్యి!" అన్నాను.

తెర నల్లబడింది. తర్వాత గీతలు పడిన పాత బొమ్మ, వానలో తడుస్తున్నట్టు. ఖాళీ వంటిల్లు. పొయ్యి. మూత పెట్టిన అన్నం గిన్నె. ఎవరూ లేరు. గరిటె చప్పుడు వినపడింది. నిలబడినవాళ్లు నిలబడినట్టే ఆగిపోయారు. ఆ గొంతు వచ్చింది.

"అన్నం తిన్నావా, నాయనా?"

"తిన్నానమ్మా! కడుపు నిండా తిన్నా!" అని వెనక బెంచీలోంచి ఒక కేక. రొయ్యల గుంట కాపలాదారు, ఆరడుగుల మనిషి. ఎవరూ నవ్వలేదు. అందరూ మెల్లగా కూర్చున్నారు. తెర మీద గడప దగ్గర కొడుకు నిలబడ్డాడు. తల్లి గొంతు విన్నాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. రీలు అయిపోయింది.

తెర అంతా తెల్లగా వెలిగిపోతోంది. నాకు చేయడానికి ఇంకేమీ లేదు. ఇచ్చినవాడు ఒక్క రీలే ఇచ్చాడు. ఆ తెల్లటి వెలుతురులో మధ్య బెంచీలోంచి అత్త లేచింది, కొంగు సర్దుకుంది, వసారాలో కూర్చున్నంత మామూలుగా మొదలుపెట్టింది.

"ఆడేం చెప్పలా. చెప్పులు గడప కాడ ఇడిచినాడు. లోపలికొచ్చి పీట వాల్చుకున్నాడు."

మంత్రగాడూ లేడు, వేపమండలూ లేవు. నవల్లో ఉన్నట్టే చెప్పింది. మూత తీస్తే అన్నం ఇప్పుడే వార్చినట్టు పొగలు కక్కుతోందంది. కొడుకు తల ఎత్తకుండా తిన్నాడంది. "ఇంకొంచెం ఎయ్యనా?" అని గొంతు అడిగితే, కన్నీళ్లు పులుసులో పడుతుంటే చాలమ్మా అని చెయ్యి అడ్డం పెట్టాడంది. ఆ పూట నుంచి ఆ ఇంట్లో గరిటె చప్పుడు వినపడలేదంది. చింతపండు వసారాలో ఇదంతా విన్నది ఆడవాళ్లే. ఊళ్లో మగవాళ్లకు తెలిసిన ముగింపు సినిమాలోని వేపమండలే. కాపలాదారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్త చెప్పడం అయ్యాక "ఇంక పదండి, ఎండ తగ్గింది," అని బయటికి నడిచింది. జనం ఆమె వెనకే వెళ్లిపోయారు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు.

నేను గెలిచాననుకున్నాను. సోమవారం మ్యాట్నీకి జనం వచ్చి గేటు దగ్గర ఒకటే అడిగారు: "అత్త చెప్తాదా?" చెప్తాదని నాలుక మీదికి వచ్చింది. వసారాకు పరిగెత్తాను. పట్టుచీర అన్నాను. వెండి కుంకుమ భరిణె అన్నాను. నెల్లూరులో కంటి డాక్టరుకు చూపిస్తానన్నాను. నా జీవితంలో నేను పైకి బేరమాడింది అదొక్కసారే.

"చెప్పనురా."

"ఎందుకత్తా? నిన్న అంత బాగా చెప్పినావే!"

"నిన్న కథ మధ్యలో ఆగిపోయింది, అందుకని చెప్పినా. ఈరోజు టికెట్టు పెట్టి మళ్లీ చెప్తే అది నా రెండో భాగం అవతాది." గింజ ఒకటి తీసి పక్కన పడేసింది. "జరుగు, వెలుతురు అడ్డం."

సోమ, మంగళవారాలు ఆ చెల్లెలి దయ్యం ఖాళీ బెంచీల మీద గర్జించింది. ఒక కుక్క వచ్చి కాసేపు చూసి, అదీ వెళ్లిపోయింది.

బుధవారం పెట్టెలు తిరిగి పంపాక నాయన నన్ను కొట్టు వెనక్కి పిలిచాడు. ఖాకీ సంచీ ఆయన ఒళ్లో ఉంది. బావ కూడా నిలబడి ఉన్నాడు, నేల చూస్తూ.

"కొనేటప్పుడు నీకు ధర ఒక్కటే కనపడిందిరా," అన్నాడు నాయన. కోపం లేదు. అదే ఇబ్బందిగా ఉంది. "మొదటి దాంట్లో జనం దేనికి ఏడ్చినారో నువ్వు ఇసారించలా. దయ్యానికి ఏడ్చినారనుకున్నావు." సంచీ బావకు ఇచ్చాడు. బావ దాన్ని తీసుకుని, ఆ ఏడాదంతా నాతో అన్న ఒకే ఒక్క మాట అన్నాడు: "నాకు ఆ మంచు కొండల పాట నచ్చింది." ఓదార్పే అనుకుంటాను.

"నువ్వు గల్లా కాడ కూర్చో," అన్నాడు నాయన. "కుళ్లిన సరుకు పెట్టుకుని హాలు నిండా జనాన్ని గొడవ లేకుండా ఇంటికి పంపినావు. నీకు కొనేది రాదు. అమ్మేది వచ్చు." నేను తల ఊపి లేవబోతుంటే ఆయన చొక్కా జేబులోంచి చిరిగిన సగం టికెట్ తీశాడు. "ఇంక దీని సంగతి."

"అదేంది నాయనా?"

"సినిమా సగంలో ఆపినావు. నా డబ్బు వాపసియ్యి."

"అత్త కథ విన్నావు గదా!"

"అది నా చెల్లెలు. ఇంట్లో ఊరికే చెప్తాది. నేను డబ్బిచ్చింది నీ సినిమాకి."

"సగం చూసినావు. సగం పట్టుకో."

"కుళ్లిన టెంకాయకి సగం డబ్బు ఇచ్చే మొగోణ్ణి నువ్వు యాడన్నా చూసినావా?"

మొత్తం తీసుకున్నాడు. ఊరంతటిలో టికెట్ డబ్బు వాపసు పుచ్చుకున్న ఒకే ఒక్క మనిషి మా నాయన.

ఇప్పుడా హాలు లేదు, రొయ్యల మేత గోడౌన్ అయింది. నాయనా అత్తా ఇద్దరూ వెళ్లిపోయారు. బావ తెచ్చే మిరపకాయలు నేను తెచ్చి ఉండేవాటికంటే మంచివని ఇప్పుడు ఒప్పుకుంటాను, ఆయన వినేంత దగ్గర్లో లేనప్పుడు. మా పిల్లలు ఫోనులో ఏవో దయ్యాలకు నాలుగో భాగాలు, అయిదో భాగాలు చూస్తుంటారు. పక్కన కూర్చుని నేనూ చూస్తాను. ఎంత సేపు చూసినా వాటిలో ఒక్కటీ నన్ను ఏమీ అడగదు.

ఇక చివరి లెక్క, దాపరికం లేకుండా. పోయినవి: చిట్టీ పాడిన డబ్బు పూర్తిగా, దాంతోపాటు ఆదివారం టికెట్ల మీద వచ్చింది, హాలు అద్దె, ఆటో, మైకు, విరగ్గొట్టలేదని ఎంత చెప్పినా హాలు మామ వసూలు చేసిన ఒక బెంచీ కాలు, నాయన టికెట్, నెల్లూరు సంచీ. వచ్చింది: తెల్ల తెర ముందు అత్త నిలబడి చెప్పిన ఆ కాస్సేపు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నికరంగా నష్టమే. ఎవరి దగ్గరైనా బేరమాడే నేను, ఆ నష్టంలో ఒక్క రూపాయి తగ్గించమని ఎవరినీ అడగను.